నోరెత్తని మీటింగు

"ఉద్యోగం గానీ ఊడిందా ఏంటే, మొహం అలా వేలాడేశావు?"

నా కూతురు బూట్లైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది.

"ఊడలేదమ్మా. వేరే దేశం నుంచొచ్చిన కొత్త మేనేజరు కటింగ్ మిషన్ల స్పీడు పెంచుతాడట. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాడు. అందరం టీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నాం."

"మరి? పెద్దాయనకి ఎదురు చెప్తారా ఎవరైనా?"

"వాళ్ల దేశంలో చెప్తారట. మేం మాట్లాడకపోతే ఒప్పుకున్నామనుకున్నాడు. ఆ స్పీడుకి వేళ్లు తెగుతాయని మా అందరికీ తెలుసు."

"అయ్యో! నీ వేళ్లు కూడానా?"

"మొదటి మిషను నాదే. రేపు ఆఖరిసారి అడుగుతాడు. పెద్దవాళ్ల ముందు నోరెత్తొద్దని నేర్పింది నువ్వే. ఇప్పుడేం చెయ్యమంటావు?"

ఆ వేళ్లని నా చేతుల్లోకి తీసుకున్నాను.

"చెప్పెయ్యవే. ఎవరు నేర్పారని అడిగితే, మా అమ్మేనని చెప్పు."