పాలు నీ వంతు, మీగడ నా వంతు

హలో… ఆ, నేనే.

దుకాణంలోనే. పాలమ్ముకునేవాణ్ణి, ఈ వేళప్పుడు ఇంకెక్కడుంటానే?

… అమ్మాయి ఎలా ఉంది? … చంటిది? … బరువు పెరిగిందా. … ఊఁ.

కాదు కాదు, మంచిదే. నేనేం అనలేదు. నిన్నట్నుంచి బరువు అన్న మాట వింటే ఉలిక్కిపడుతున్నా, అంతే.

ఎందుకా… చెప్తా. ముందు కూర్చో. … పెద్ద విషయమేం కాదులే. … కాదు, కూర్చునే విను.

మన క్యానుకి రక్తం లేదట.

… హలో? … ఏమేవ్, ఉన్నావా?

మనకెంతమంది క్యాన్లున్నారే? నీ కొడుకు కూతురికే. … అసలు లేకపోవడం కాదు. చాలా తక్కువట. ఒంట్లో ఇనుము లేకపోతే రక్తం పట్టదట.

… నేనూ అదే అడిగా. ఎనిమిదేళ్లకే ఎత్తుకుంటే నా నడుం పట్టేస్తోంది, అలాంటి పిల్లకి రక్తం లేకపోవడమేంటండీ అన్నా. డాక్టరు నా వంక చూసి, "పాలు చిక్కగా కనపడితే కల్తీ లేనట్టేనా?" అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది.

… ఉండు, ఇంకా అవలేదు. కొవ్వు కూడా ఎక్కువుంది. … ఒంటి మీద కాదు, అది మనకి కనపడుతూనే ఉందిగా. రక్తంలో. … ఆ, పిల్లలకీ వస్తుందట. రిపోర్టులో కొవ్వు అంకె చూసి మొదట మురిసిపోయా. మన పాలకి కూడా ఎప్పుడూ అంత రాలేదు. తర్వాత చెప్పారు, అది మురిసిపోయే అంకె కాదని.

ఒక్క నిమిషం… అర లీటరా బాబూ? ఎడమ పక్క అరలోది తీసుకో. ఆ, అదే. … చెప్పు.

… ఎలా తెలిసిందా. బళ్లో మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయిందట. కళ్లు తిరిగాయట. మాస్టారు దుకాణానికి ఫోన్ చేశాడు. … మొన్న. … కోడలే నీకు చెప్పొద్దంది. చంటిపిల్లతో ఉన్నారు, కంగారు పడతారని. … అదే, ఇప్పుడు పడుతున్నావుగా.

… ఏంటా చప్పుడు? కరకరమంటోంది. … ఫోన్ లోనా? … సరేలే.

ఆ, ఆయనే, మన డాక్టరే. రెండు నెలల కిందట పిల్ల పాలిపోయిందని సీసా మందు రాసిచ్చాడు చూడు, తుప్పు వాసనేస్తోందని మొహం తిప్పుకునేది. ఆ బలం మందే. ఇనుము కోసమేనట అది. … పట్టిస్తూనే ఉన్నాం కదా అనే నేనూ అన్నా. ఎలా పట్టిస్తున్నారు అనడిగాడు.

… చెప్పకుండా ఎలా ఉంటా? గర్వంగా చెప్పా. మా ఆవిడ సొంత తెలివండీ, వాసన తెలియకుండా చిక్కటి పాలల్లో కలిపి ఇస్తుంది, ఊరెళ్తూ కోడలికి కూడా నేర్పించి మరీ వెళ్లింది అన్నా.

ఆయన కలం కింద పెట్టేశాడు.

… పాలల్లో కలిపితే ఆ ఇనుము ఒంటికి పట్టదట. … అవునే, రెండు నెలలూ మనం పాలకి వైద్యం చేశాం.

… టీతోనూ వద్దన్నాడు. నిమ్మరసంతో పట్టించాలట.

… కోపం ఎందుకు, ఆయనకి పాలంటే పగేం లేదు. మన దగ్గరే తీసుకుంటాడు. … పెరుగు.

రోజుకి ఎన్ని పాలు తాగుతుందన్నాడు. కోడలు లీటరు అంది. నేను లీటరున్నర అన్నా. పాల వాళ్లమయ్యుండి తక్కువ చెబితే నామోషీ కదా. … తగ్గించమన్నాడు. … చిన్న గ్లాసులు రెండు, అంతే. మీగడ తీసేసి. … రెండు లీటర్లు కాదే, రెండు గ్లాసులు.

… అది కాదు. కడుపు పాలతో నిండిపోతే ఇంక అన్నం ఎక్కడ పడుతుంది, కూర ఎక్కడ పడుతుంది? పాలల్లో ఇనుము ఉండదట. … నాకేం తెలుసు? నలభై ఏళ్ల నుంచి అమ్ముతున్నా, ఎవడూ వచ్చి లీటరు ఇనుము ఇమ్మని అడగలేదు.

బయటికొస్తుంటే వెనక నుంచి పిలిచి అడిగాడు, మీ బండి మీద బొమ్మలో గ్లాసు పట్టుకున్న పాప ఈ పాపేనా అని. … అవునన్నా. ఏమనను మరి? కింద "మా పాలు తాగితే ఇలా ఉంటారు" అని రాయించింది నువ్వేగా.

… నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

ఇంకోటి కూడా ఉంది. ఫ్రీజరు. … బడి నుంచి రాగానే స్టూలెక్కి, గోడలకి పట్టిన మంచు చెంచాతో గీక్కుని తినేది చూడు. … అదే, శుభ్రం చేస్తోందనుకున్నాం. దీనికి అప్పుడే దుకాణం మీద శ్రద్ధ పడిందని వచ్చిన వాళ్లందరికీ చెప్పాం. … శ్రద్ధ కాదట. ఇనుము తగ్గితే కొందరికి అలా ఉంటుందట. మంచు, సుద్ద, మట్టి, బియ్యం… ఏదో ఒకటి నమలాలనిపిస్తుందట.

… ఆ. బియ్యం కూడా.

… ఏం లేదు. నువ్వు మాట్లాడకపోతే లైన్ కట్టయిందేమో అనుకున్నా.

ఒక్క నిమిషం… ఏంటమ్మా, రేపటి నుంచి ఒక పాకెట్ తగ్గించమంటారా? … పిల్లలకా? ఎంత తాగుతున్నారు? … అన్నం తింటున్నారా? … ఏం లేదమ్మా, ఊరికే అడిగా. సరే, తగ్గిస్తాలెండి.

… అవును, వ్యాపారం చేసుకునేవాడు అడగాల్సిన ప్రశ్న కాదు. నోటికొచ్చేసింది. నువ్వు అక్కణ్నుంచి తిట్టకు.

… పిల్ల బాగానే ఉంది. అంటే… నిన్న దాని పక్కన కూర్చుని అడిగా, బళ్లో ఆడుకోవెందుకే అని. రెండడుగులు పరిగెత్తితే ఊపిరి అందదట. అందుకని ఆటల్లో చేర్చుకోరట. మిగతా పిల్లలు ఆడుకుంటుంటే వాళ్ల సంచుల దగ్గర కాపలా కూర్చుంటుందట. మనం నెమ్మదైన పిల్ల అనుకున్నాం. నెమ్మది కాదే, ఓపిక లేదు దానికి.

… బళ్లో కూడా దాన్ని పాల క్యానే అంటున్నారట. … ఆ పేరు నేనే పెట్టా, నాకు తెలుసు. ఇంక పిలవను. … ఇందాక అలవాటులో వచ్చింది. ఇంక పిలవనంటున్నాగా.

… ఏమేవ్. … ఏడవకు. … నువ్వొక్కదానివే చేశావా? పాలు నీ వంతు, మీగడ నా వంతు. పొద్దున్నే పంచదార చల్లి గిన్నెడు పెట్టింది ఎవరు? ఆ కొవ్వంతా నా చేతి చలవే. ఇనుము నీది, కొవ్వు నాది. సరిపోయిందా? … ఆ, కన్నీళ్లు తుడుచుకో. చంటిదాని మీద పడతాయి.

… నయమవుతుందట. మందు సరిగ్గా పట్టిస్తే, తిండి మారిస్తే, రోజూ కాసేపు నడిపిస్తే. … మార్చకపోతేనా? ఎదుగుదల ఆగుతుంది, చదువు బుర్రకెక్కదు, పెద్దయ్యాక గుండె మీదికి వస్తుంది అన్నాడు. అందుకే నీకు ఫోన్ లో చెప్తున్నా. నీ సంగతి నాకు తెలియదా? వచ్చీ రాగానే ఒక్క గ్లాసే కదా అని కోడలి కళ్లుగప్పి పోసేస్తావు. … పోస్తావు. … ఒట్టెయ్. … నా మీద కాదు, నా మీద ఇప్పటికే చాలా ఒట్లేసి తప్పావు. … ఆ, చంటిదాని మీద. బాగుంది.

… ఏదో ఒకటి చేతిలో పెట్టకపోతే అది నిన్ను నానమ్మ అనుకోదా? … నిమ్మకాయ పెట్టు. … వెక్కిరింపు కాదే, నిజంగానే. మందు నీ చేత్తోనే పట్టించు.

బండి మీద బొమ్మా? పెయింటర్ ని పిలిచా. మొత్తం చెరిపేద్దామంటే పిల్ల ఒప్పుకోలేదు. గ్లాసు తీసేసి బంతి పెట్టమంది. … రాతేం చేయాలో ఇంకా తెలీదు. పెయింటర్ ఆలోచిస్తున్నాడు.

… ఆ, ఉండు. పెట్టెయ్యకు. అసలు విషయం ఇంకా చెప్పలేదు.

వచ్చే ముందు డాక్టరు అడిగాడు, ఇంట్లో ఇంకెవరైనా ఇలాంటివి నములుతారా అని. కోడలు నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశా. పిల్ల చెప్పేసింది. మా నానమ్మ పచ్చి బియ్యం నములుతుంది, చిన్న డబ్బాలో పోసుకుని సంచిలో పెట్టుకుంటుంది అని.

… దాన్నేం అనకు. నిజమేగా.

పెళ్లయిన కొత్తలోనే చూశా. ముద్దుగా ఉందనుకున్నా. … ఇప్పుడా? ఇప్పుడూ ముద్దుగానే ఉంది, మాట మార్చకు. … అలవాటు కాదే. మన మేడ మెట్లెక్కుతూ సగంలో ఆగుతావు. ఏంటంటే వీధి చూస్తున్నానంటావు. అక్కణ్నుంచి వీధి కనపడదే. గోడ ఉంది.

… నాకూ నిన్ననే తట్టింది. కోడలు డాక్టరుకి బడి మెట్ల సంగతి చెప్తుంటే.

రాగానే నువ్వూ పరీక్షకి రక్తం ఇస్తున్నావు. … నా మాట వినకపోతే మానెయ్, నీ మనవరాలి మాట విను. ఇదిగో, ఇప్పుడే వచ్చి పక్కన నిలబడి చెప్పమంటోంది. సూది చీమ కుట్టినట్టే ఉంటుందట. కళ్లు మూసుకుని ఇంటి పేరుతో సహా అందరి పేర్లూ చెప్పుకుంటే అయిపోతుందట. ఏడిస్తే నర్సు నవ్వుతుందట. నీ చెయ్యి తను పట్టుకుంటుందట.

… అది ఒప్పుకున్నట్టా, ఏడుస్తున్నట్టా? … ఆ. మంచిది.

సరే, ఉంటా. జనం వస్తున్నారు. … ఆగాగు.

మళ్లీ కరకర. … లైన్ కాదు. లైన్ ఇంత రుచిగా నమలదు. … నోట్లోది ఉమ్మెయ్.

… ఉమ్మావా? … చప్పుడు వినపడలేదు.

… ఆ. ఇప్పుడు పెట్టెయ్.