గంగమ్మకి పెట్టిన ముద్ద

ఏంటే ప్రసన్నా, ఆ ఫోన్లో రంగురంగుల చేపలు? పగడాల దిబ్బలా? ఆయ్, నాకు తెల్సులే. మా తమ్ముడు గంగరాజు వాటి మీదే బతికేడు. నీకు తాత అవుతాడు, నువ్వు పుట్టకముందే పోయేడు. మన అల్లవరం కుర్రాళ్లంతా గల్ఫ్ గల్ఫ్ అంటుంటే, ఈడు మాత్రం అండమాన్ పోయి ఓ ఆఫీసులో బోటు నడిపే పనికి చేరేడు. ఏం ఆఫీసంటే, సముద్రంలో చేపల్ని లెక్కెట్టే ఆఫీసంట! "అదేం లెక్కరా, మన చెరువులో అయితే వల ఇసిరి పడినవి చూసుకుంటాం గదా" అన్నాను. "అక్కడ వల ఎయ్యకూడదక్కా, పగడం విరిగిపోద్ది. అడుక్కి దిగి టేపు పరుస్తారు. చేపల బెదురు తీరేదాకా కదలకుండా ఉంటారు. అప్పుడు టేపు ఎంబడే నెమ్మదిగా ఈదుతూ, ఇటు బారెడు అటు బారెడులో కనపడ్డవే లెక్కెడతారు. ఏటా అదే చోట. పెరిగేయో తరిగేయో తెలియాలి గదా" అని, మంచం మీద బోర్లా పడుకుని ఈదుతూ మరీ చూపించేడు ఎదవ. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

ఆ దిగేది మన ముక్తేశ్వరం పిల్లే, నిర్మలని. చదువుకుని ఆ ఉద్యోగంలో చేరింది. అంత దూరంలో మన మాట వినపడేసరికి ప్రాణం లేచొచ్చిందంట, "బాబాయ్, బాబాయ్" అని ఈణ్ణి వదిలేది కాదు. ఈడికా, పెళ్లాం కాలం చేసింది, పిల్లల్లేరు. ఆ పిల్లే కూతురనుకున్నాడు. మరి మనోళ్లకి గంగమ్మకి పెట్టకుండా నీళ్ల మీద పని మొదలెట్టే అలవాటు లేదు గదా? ఆళ్లు కిందకి దిగగానే ఈడు పసుపన్నం ముద్దా, రెండు కొబ్బరి ముక్కలూ నీళ్లలో వదిలి, పిల్లని చల్లగా చూడమ్మా అని దణ్ణమెట్టుకునేవోడు. ఎవరికీ చెప్పలేదు. దణ్ణమెట్టుకోవడం కూడా ఎవడన్నా చెప్పుకుంటాడా? ఏళ్లు గడిచేయి. నీళ్లు వేడెక్కి, పగడం పాలిపోయి, చుట్టుపక్కల దిబ్బలన్నిట్లో చేపలు తరిగిపోతుంటే, ఈళ్లు లెక్కెట్టే చోట మాత్రం నిండుగా ఉన్నాయంట. ఆఫీసోళ్లంతా ఒకటే సంబరం. ఓనాడు ఆ పిల్ల ఎందుకో తలెత్తి చూస్తే పైనించి మెతుకులు రాలుతున్నాయి, చేపలు ఎగబడి తింటున్నాయి. పైకొచ్చి నెత్తి పట్టుకుంది. కోప్పడలేదు మళ్లీ. "బాబాయ్, పెళ్లింట్లో ఇస్తరాకులు చూసి ఊరి జనాభా రాసినట్టయ్యింది మన పని. పక్క దిబ్బల చేపలన్నీ మీ ముద్ద కోసమే వచ్చేయి. ఇంక వెయ్యకండి" అంది. పైవాళ్ల దగ్గర ఈడి పేరెత్తకుండా తప్పు తన మీదేసుకుని, ఇన్నేళ్ల లెక్కా చెల్లదని చెప్పేసింది. ఈడికి తల తీసేసినట్టయ్యింది. ఆ పిల్ల మాట కాదనలేక మర్నాటి నుంచీ మానేసేడు.

ఆ వారంలోనే... దిగిన పిల్ల ప్రాణంతో రాలేదే అమ్మా. జతగా దిగిన కుర్రాడు పైకి తెచ్చేడు. పుట్టుకతోనే గుండెలో లోపం ఉందన్నారు డాక్టర్లు. ఈడు వింటేనా? ఉద్యోగం వదిలేసి వచ్చి, ఈ అరుగు మీదే కూర్చునేవోడు. "గంగమ్మ వాటా ఆపేనక్కా, ఆవిడ పిల్లని తీసుకుంది." పొద్దున్నా అదే, రాత్రీ అదే. "ఒరేయ్, అమ్మ ఎక్కడన్నా ముద్దన్నానికి పిల్లని పట్టుకుపోద్దిట్రా?" అని తిట్టేను, బతిమాలేను. ముక్తేశ్వరం వెళ్లి ఆ పిల్ల తల్లికి ఓసారి మొహం చూపించరా అన్నాను. ఎలా వెళ్లను, ఏం చెప్పను అని ఏడ్చేవోడు. నా తమ్ముణ్ణి అలా చూడలేకపోయేనే.

ఆఖరికి ఆవిడే వచ్చేరు, ఉమామహేశ్వరి గారని, ఆటో కట్టించుకుని. ఈడు లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, తిట్టండమ్మా అన్నట్టు. ఆవిడ తిట్టలేదు. నేనిచ్చిన మంచినీళ్లు తాగి, "అన్నయ్యగారూ, ఆ రోజు మా అమ్మాయి అన్నం తిందాండీ?" అనడిగేరు. అంతే. ఇంకేం అడగలేదు. "ఆయ్, తిందండి. కడుపునిండా తిందండి" అన్నాడు. ఆవిడ కళ్లొత్తుకుని, నాకూ ఓ దణ్ణం పెట్టి ఆటో ఎక్కేరు. ఆటో మలుపు తిరిగిందో లేదో ఈడు గుమ్మంలో కూలబడిపోయేడు. "తినలేదక్కా. పైకొచ్చేక తింటాను బాబాయ్ అని దిగింది... క్యారేజీ నా ఒళ్లోనే ఉందక్కా, ఇంకా వేడిగానే ఉంది..."

ఊఁ. మబ్బేసింది. పెరట్లో బట్టలున్నాయి, పట్రా, పో.