గుర్తు చెప్పి తీసుకోండి

కూర్చో భూమికా, ఈ రాయి మింద కూర్చో, ఎండ ఇంకా ఈడికి రాలేదు. పోలీసులకి ఫోన్ చేసేసినావు కదా? వస్తామన్నారు కదా? అంతే, ఇంక మన పని ఆ కంపను చూస్తా ఉండేదే. దగ్గరికి పోవద్దు. కట్టెతో కదిలించి చూసేది గూడా వద్దు, తుపాకి లోపల మందు ఉందో లేదో ఎవురికి తెలుసు. రోజా తోటలో పనికి టైము అవుతాందా? ఆ శివరాజ్‌కి ఫోన్ చేసి చెప్పు, ఆలస్యమవుతాదని. వాడు మేస్త్రీ అయితే అయినాడులే, నేను ఎత్తి ఆడించిన బిడ్డే వాడు. నువ్వు స్కూటీ ఎక్కి పోతే, నీ వెనకాల వచ్చేవాడు ఎవడో దాన్ని చూస్తాడు, చేతికి తీసుకుంటాడు, అయిపోయింది వాడి బతుకు. ఏం, ఫోటోనా? ఆ సెల్లు లోపల పెట్టు తల్లీ. నువ్వు గ్రూపులో వేస్తివంటే తళి టౌను నుంచి జనం వచ్చి దాని మింద నిలబడుకోని సెల్ఫీ తీసుకుంటారు.

నా గొర్రెలకేం, రెండే కదా, ఆ గట్టు దాటి పోవు. నువ్వు ‘అవ్వా, కంపలో తుపాకి’ అని పరిగెత్తి వచ్చినప్పుడు నా గుండె ఆగిపోయింది పో. తుపాకికి కాదు. నువ్వు ముట్టినావేమో అని. ముట్టలేదు అన్నావు చూడు, అప్పుడు నాకు ఊపిరి వచ్చింది. ముట్టినవాడు ఒకడుండె ఈ ఊర్లో. మా ఇంటాయప్ప. పేరు నేను పలకను. మొగుడి పేరు పలికితే వాడి ఆయుసు తగ్గుతాదని మా అత్త చెప్పింది. పోయినోడికి తగ్గేదానికి ఆయుసు యాడుండాది అంటావా? నవ్వు, నవ్వు. నోరు రాదమ్మా, అంతే. ఆయప్ప ఉన్నన్నాళ్లూ రాలేదు, ఇప్పుడు పిలిస్తే మాత్రం పలికేదానికి ఎవురుండారు.

మీ అమ్మకి అప్పుడింకా పెండ్లి కాలేదు. మొన్న ఆటోకి మైకు కట్టి చెప్పిపోయిరి చూడు, లైసెన్సు లేని నాటు తుపాకులు ఇచ్చేయండి అని, అట్లనే అప్పుడు తమటె కొట్టి చెప్పినారు. పందుల్ని కొట్టేదానికి శానామంది కాడ ఉండె. టమేటా తోట మునెప్ప కాడ గూడా ఉండె. దాని కట్టెకి ఇత్తడి తీగ చుట్టింటాడు, పెండ్లిళ్లలో గాలిలోకి కాల్చి అందరికీ చూపించిన తుపాకి అది, ఎరగనివాడు లేడు. తమటె విన్నాడు, బెదిరినాడు, తీసుకొచ్చి కంపలో పారేసినాడు. టేసనకి పోయి ఇచ్చేస్తే ఏమయ్యుండు? ఏమీ కాకుండె. పెద్దమనిషి కదా, పోలీసుల ముందర చెయ్యి కట్టుకోని నిలబడేది నామోషీ.

ఆ కంప మా గొర్రెల దోవలో ఉండాది. ఆయప్ప, ఆయప్ప జతగాడు పాపన్న, ఇద్దరూ మందల్ని తోలుకోని పోతా ఉండారు. ఇద్దరూ చూసినారు. పాపన్న, ‘రేయ్, రా పోదాం, మనకెందుకు’ అన్నాడంట. ఈయప్ప వింటాడా? మా కురుబోళ్లకి ఒక కట్టు ఉండాదమ్మా. తప్పిపోయిన గొర్రె మన మందలో కలిసిందనుకో, దాన్ని దాచకూడదు, తరమకూడదు. సంతకి తోలుకోనిపోయి కేకెయ్యాల, ‘గుర్తు చెప్పి తీసుకోండప్పో’ అని. చెవి యాడ కోసింది, మచ్చ యాడుంది, సొంతగాడు వచ్చి చెప్పాల. అది ఎవురిదో మనకి తెలిసినా సరే, మన నోటితో చెప్పకూడదు. గుర్తు చెప్పేది సొంతగాడి పని, మనం చెప్తే వాడి సొత్తును మనం సొంతం చేసుకున్నట్ల. అంత నేమం. గొర్రెకి సరే. తుపాకికీ అదే నేమం అనుకున్నాడు ఈ పిచ్చోడు!

భుజాన కంబళి, కంబళి మింద తుపాకి. సంత నడిమధ్యలో నిలబడుకోని కేకేసినాడు, ‘ఎవురిదప్పో, గుర్తు చెప్పి తీసుకోండప్పో!’ అని. నేను ఆ పక్కనే అలసందలు కొంటా ఉండాను. ముందు నవ్వులాటనుకున్నారు. ఇంక చూడు, ఆయప్ప యా పక్క తిరిగితే ఆ పక్క జనం పక్కకి జరిగేది. మునెప్ప టీ అంగడి ముందర బెంచీ మింద కూర్చోనుండాడు, టీ తాగతా. మా ఆయప్ప ఆడికే పోయి నిలబడినాడు. తుపాకిని ఇత్తడి తీగ పైకి కనిపించే మాదిరిగా పట్టుకోని. ‘ఏమప్పా, గొర్రెలు చాలక తుపాకులు మేపుతా ఉండావా?’ అన్నాడు మునెప్ప. అందరూ గొల్లుమన్నారు. మునెప్ప నవ్వుతానే లేచి పోయినాడు. టీ గ్లాసులో సగం అట్లనే ఉండాది.

ఆ గ్లాసు చల్లారకముందే పోలీసులు వచ్చినారు. ఏట్టు, అదే హెడ్ కానిస్టేబులు, అరవంలో అడిగినాడు, ‘యారుదు డా ఇదు?’, ఎవురిదిరా ఇది, అని. ‘దానికోసమే అరస్తా ఉండాను సామీ, సొంతగాడు వస్తాడు’ అన్నాడు ఈయప్ప. ‘నీ చేతిలో ఉండాది, సొంతగాడు నువ్వే’ అన్నాడు వాడు. ‘నీతోపాటి ఎవురు చూసినారు?’ అంటే పాపన్న పక్క చూసినాడు. పాపన్న నేల పక్క చూసినాడు. ‘నేను చూడలే సామీ. నాకేం తెలియదు సామీ.’ అంతే. జీపు ఎక్కించేటప్పుడు నేను అడ్డం పడినాను, ‘చెప్పు, ఎవురిదో చెప్పేయి’ అని గొంతు పోయేటట్ల అరిచినాను. ఆయప్ప నా పక్క చూసి ఏమన్నాడో తెలుసునా? ‘గుర్తు చెప్పాల్సింది నేను కాదు కదే మారీ’ అన్నాడు.

నువ్వు అంటావు, పోరాడాల్సింది అవ్వా, అందరూ కలిసి అడగాల్సింది అని. మీ రోజా తోటలో ఆడపిల్లోళ్లందరూ గేటు కాడ కూర్చోని కేకేసినారు చూడు, నీ గొంతు మా గుడిసెకి వినిపించింది, బాగుండె. అట్ల కూర్చునేదానికి పక్కన ఒకరుండాల కదమ్మా. నేను చెప్పినాను, టేసనలో చెప్పినాను, మునెప్పది అని. మొగుడి కోసం అబద్ధం చెప్తా ఉండాదని పక్కకి నెట్టినారు. సంతలో ఉన్నోళ్లు ఒక్కడు వచ్చి ఊ అనలేదు.

క్రిష్ణగిరి కోర్టుకి తిరిగితిమి. రాయకోట మిందగా బస్సు. వాయిదా, మళ్లా వాయిదా. ఆడ గోడకి సింహాల బొమ్మ ఉండాది, దాని కింద నిజమే గెలుస్తాది అని రాసిండాదంట, చదువుకున్న పిల్లోడు ఎవడో చదివి చెప్పినాడు. ఆ బొమ్మ కిందనే కూర్చోని రాగిముద్ద తింటా ఉంటిమి. గెలవలేదని చెప్పకూడదులే. చివరికి వదిలేసినారు, కేసు నిలబడలేదని. మందలో సగం గొర్రెలు మాత్రం కోర్టు ఖర్చుకి నిలబడలేదు.

జైలు ఏమీ చేయలేదమ్మా ఆయప్పని. ఊరు చేసింది. ఎవురూ తిట్టలే, కొట్టలే. దోవ మార్చుకున్నారు, అంతే. ఎరువుకని చేలో మంద కట్టేదానికి ముందర పోటీ పడి పిలుస్తా ఉండె రైతులు, ఇంక పిలవలేదు. పాపన్న మంద పై దోవ, మాది కింద దోవ. గుట్ట మింద తోడు లేకుండా గొర్రెల్ని కాసేది ఎట్లుంటాదో నీకు తెలియదు. మాట్లాడేదానికి గొర్రెలే. ఇంటికొచ్చినా గొర్రెల్ని అదిలించే గొంతుతోనే నాతో మాట్లాడతా ఉండె. నేను నవ్వితే, అప్పుడు తెలుసుకోని సిగ్గుపడేది.

ఇంకొకటి చెప్తాను. ఒక వానకాలం, ఎవురిదో సూడి గొర్రె తప్పిపోయి మా ఆయప్ప వెంట పడింది. ముట్టలేదు. తరమలేదు. దొడ్లోకి రానీలేదు. అదేమో ఈయప్పని వదలదు. ఇదిగో, ఈ గట్టు మిందనే నిలబడినాడు, వానలో, గొర్రెకి ఎడంగా, రెండు చేతులూ కంబళి లోపల పెట్టుకోని. ‘గుర్తు చెప్పి తీసుకోండప్పో’ అని కేకేస్తానే ఉండాడు. వాన చప్పుడులో ఎవురికి వినిపిస్తాది? నేను పోయి చెయ్యి పట్టి లాగితే రాలేదు. పొద్దు వాలేటప్పుడు పాపన్న వచ్చినాడు. అది పాపన్నదే. చెవి చూసినాడు, తోలుకోని పోయినాడు. గుర్తు గూడా చెప్పలే. ‘పాపన్నా, వానగా ఉంది, కంబళి కప్పుకోని పో’ అన్నాడు మా ఆయప్ప. ఆ వానకి పట్టిన దగ్గు ఆయప్పని తీసుకోని పోయినాకనే పోయింది.

పాపన్న ఉండాడు కదా, అరుగు మింద కూర్చోనుంటాడు, చూపు పోయింది. నేను ఆ పక్కగా పోతే అడుగుల చప్పుడు పట్టి ‘ఎవురది’ అంటాడు. నేను పలకను. పలికితే...

అదో, దుమ్ము. జీపే. నువ్వు తొందరపడి లేయొద్దు, నా చెయ్యి పట్టు, మోకాళ్లు రావు. బెదరొద్దు. నువ్వు చూసినావు, నన్ను పిలిచినావు, నేనూ చూసినాను. అంతే కదా జరిగింది? అంతే చెప్పు. నేను యాడికీ పోను.

ఈడ సార్, ఈడ. ఆ కంపలో. ముట్టలేదు సార్, ఎవురినీ ముట్టనీలేదు. ఈ బిడ్డ చూసింది, నేను చూసినాను, ఇద్దరమూ చూసినాము. ఆ, రాసుకోండి. నా పేరా? మారక్క. మొగుడి పేరా... ఆయప్ప లేడు సార్. లేకపోయినా కావాల్నా?

దాసప్ప. గొర్రెల దాసప్ప సార్. గట్టిగానే చెప్పినాను కదా, రాసుకో.