పియానోలో మగ్గాల ఆయిలు

చిత్తూరులో ఒక ఇంటి ముందుగది. సాయంత్రం నాలుగు గంటలు. తిరుపతి నుంచి వచ్చిన పియానో మెకానిక్ మునిచంద్ర, ఇంటావిడ ఉదయలక్ష్మి.

“అమ్మా, దీంట్లో ఆయిలు ఎవురు పోసినారు?”

“ఆయిలా? ఎవురూ పొయ్యలేదే మునిచంద్రన్నా.”

“పోసినారమ్మా. సూడండి, ఉన్నిగుడ్డలన్నీ నానిపోయినాయి. నొక్కిన మెట్టు పైకి లేస్తే కదా?”

“మెట్లు బిగుసుకుంటే ఆయిలు వేస్తారు గదా?”

“కుట్టుమిషన్‌కి వేస్తారు. దీనికి నల్లపొడి, పెన్సిల్ పొడి మాదిరి. ఇదిగో, ఈ సుత్తుల కాడ మటుకు సూదిమొనతో ఒక్క సుక్క మందు. రెండో సుక్క పడకూడదు. చెక్క తాగేస్తే తీగ నిలబడదు.”

“ఏమో... ఎలుక ఏమన్నా...”

“ఎలుకకి ఆయిలు డబ్బా యాడిదమ్మా? తీగలు సుట్టిన మేకులు రెండొందల పైన ఉండాయి. ఒక్కటీ వదల్లేదు. కూర్చోని, నిదానంగా పోసినారు. వాసన సూస్తే మరమగ్గాల ఆయిలు.”

“నగరిలో మా అన్నకి మగ్గాలుండాయి. పోయిన నెల పోయొచ్చినాము.”

“మీ ఇంటాయనకి, సారుకి తెలుసా?”

“ఆయన మాట ఎందుకన్నా ఇప్పుడు?”

“సరి. పాపని పిలవండి. నాలుగు మెట్లు తుడిచి ఆరబెట్టినాను. వాయిస్తే నాకు తెలుస్తాది.”

“పాప రాదు.”

“బడికి పోయిందా?”

“ఈడే, లోపల ఉండాది. కుడిచేతికి కట్టు. వేళ్ళు... రెండు వేళ్ళు విరిగినాయి.”

“అయ్యో! ఎట్లమ్మా?”

“మూత పడింది. ఈ మూతే. వాయిస్తా ఉంటే పడింది.”

“ఈ మూతా?”

“ఊ.”

“దీని బందులు తుప్పు పట్టినాయమ్మా. ఇందాక నేనే రెండు చేతులతో అదిమి దించినాను. దానంతట అది పడదు.”

“పడిందంటా ఉండాను గదన్నా!”

“సరేమ్మా, సరే.”

“ఆస్పత్రిలోనూ అట్లే రాయించినాను.”

“ఆయిలు పోసింది మీరేనా?”

“నేను కాదు. పాప. పియానో పరీక్షని చెప్పి వాళ్ళ నాయన తెల్లారి నాలుగింటికే లేపి కూర్చోబెడతాడు. తప్పు వాయిస్తే ఆ పూట అన్నం లేదు. ఇది పలక్కపోతే వదిలేస్తాడనుకునింది, పిచ్చిది. ఆయనకి తెలిసిపోయింది. ఆ దినమే... ఆ దినమే మూత పడింది.”

“సారు ఎప్పుడొస్తాడు?”

“ఆరుకి. ఆ లోపల పలకాలన్నాడు.”

“వేళ్ళు విరిగిన బిడ్డతోనా?”

“ఎడమ చెయ్యి బాగానే ఉండాది గదా అన్నాడు.”

“అమ్మా, బండి తెచ్చినాను. దీన్ని షాపుకి ఎత్తుకుపోతాను. నెల పడతాదని సారుతో నేనే చెప్తాను.”

“నెల అయినాక?”

“ఇంకో నెల అంటాను.”

“ఆ తర్వాత?”

“ముందు ఈ పొద్దు గడవనీమ్మా.”

“బండిలో ముందర ఇద్దరికి చోటుండాదా అన్నా?”

“ఉండాది. యాడికమ్మా?”

“పోలీస్ స్టేషన్‌కి. లోహితా! చెప్పులేసుకో తల్లీ.”