అర్మాండ్ ఎక్కిన స్తంభం

సాయంత్రం నాలుగున్నర. సన్నగా మంచు పడుతోంది, గాలి లేదు.

వెర్నా డోనట్ కొట్టులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది కొలెట్. సంచిలో సంతకం చేయని కాగితం ఉంది. నిరుటిదాకా వృత్తివిద్యా బడిలో లైన్‌మన్ కోర్సు పిల్లలు బడి ఆవరణలో పాతిన స్తంభాలే ఎక్కేవాళ్ళు. ఈ ఏడు కొత్త పద్ధతి వచ్చింది. పదకొండో తరగతి నుంచే వారం విడిచి వారం కరెంటు వాళ్ళతో రోడ్డు మీదికి. కొలెట్ కూతురు మార్నీకి ఇవాళ మొదటి రోజు. ఏడాది మొత్తానికి తల్లి ఒప్పుకుంటున్నట్టు రేపు పొద్దున్నకల్లా సంతకం అందాలి. అందకపోతే మార్నీ చోటు వేరేవాళ్ళకి పోతుంది. సీట్లు కూడా ఇప్పుడు మార్కులు చూసి ఇవ్వడం లేదు, చీటీలు తీస్తున్నారు. చీటీ తగలక ఎదురుచూస్తున్నవాళ్ళలో మొదటి పేరు వెర్నా మనవరాలిదే. వెర్నా ఆ మాట ఎత్తలేదు. కాఫీ మాత్రం రెండుసార్లు పోసింది.

బడి వ్యాను నాలుక్కే రావాలి.

"అసలు ఈ పద్ధతి ఎవరివల్ల వచ్చిందనుకున్నారు?" అన్నాడు అర్మాండ్ పక్క బల్ల నుంచి. అరవై దాటిన మనిషి. ఆ బల్ల చుట్టూ మంచు తోసే బండ్ల డ్రైవర్లు ముగ్గురున్నారు. "నావల్ల. నాకప్పుడు పదహారు. తుపానుకి ఒక తీగ తెగింది. ఎక్కాను, కట్టాను, దిగాను. అంతే."

అంతేనా అన్నాడొక డ్రైవరు. అడక్కపోతే బాగుండేది.

అంతే అయితే చెప్పడమెందుకన్నాడు అర్మాండ్. ఆ స్తంభం మామూలుది కాదట, నలభై అడుగులట, కాఫీ సగమయ్యేసరికి తొంభై అయింది. తీగ మూరెడు తక్కువొచ్చింది. "ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? ఈ కొస ఈ చేత్తో, ఆ కొస ఆ చేత్తో పట్టుకున్నాను. మూడు రోజులు. జిల్లా అంతా దీపాలు వెలిగింది నాలోంచే."

"మరి తిండి?"

"తిండెందుకు, కరెంటు పోతూనే ఉందిగా ఒంట్లో." స్తంభం ఒరిగిపోతుంటే అడవిలోంచి ఓ పెద్ద దుప్పి వచ్చి వీపు ఆనించి నిలబడిందట. ఆసుపత్రిలో ఆ మూడు రోజులూ పుట్టిన పిల్లలందరికీ అర్మాండ్ అనే పేరు పెట్టారట, ఆడపిల్లలతో సహా. అది చూసిన పెద్దలు, పదహారేళ్ళవాడికి ఇంత చేతనైతే పిల్లల్ని బడిగోడల మధ్య ఎందుకు కట్టేశామని అక్కడికక్కడే ఈ పద్ధతి రాసేశారు.

"నలభై అయిదేళ్ళ కిందట రాసింది ఇప్పుడా వచ్చింది?"

"ప్రభుత్వం కదా. మెల్లిగా వస్తుంది."

కొలెట్ కిటికీ వైపే చూస్తూ అడిగింది. "బాబాయ్, ఎక్కేటప్పుడు కాళ్ళకి ఇనప కొక్కేలు కడతారు గదా. ఆ ములుకు కాలికి ఏ వైపుంటుంది?"

"బయటివైపు. ఇంకెటుంటుంది?"

"లోపలివైపు. రెండు కాళ్ళ మధ్య స్తంభం ఉంటుంది, ములుకు దానికి దిగాలి. పొద్దున మార్నీకి నేనే కట్టాను."

డ్రైవర్లు బల్ల మీద పడి నవ్వారు. వెర్నా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, వీడు ఆ బడిలో చదివింది రొట్టెల కోర్సు, క్లాసులో నా పక్క బల్లేనని చెప్పేసింది.

అర్మాండ్ ఏమీ నొచ్చుకోలేదు. రొట్టెలు మాత్రం బాగా పొంగేవన్నాడు.

కొలెట్‌కీ నవ్వొచ్చింది. పొద్దుట్నించీ బిగిసిన భుజాలు కాస్త వదులయ్యాయి. వెర్నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది. "సంతకం పెట్టవే. నీ భయంవల్ల ఖాళీ అయిన చోటు నా మనవరాలికొద్దు. దాని చీటీ అది తెచ్చుకుంటుంది."

రోడ్డు మలుపులో వ్యాను దీపాలు కనిపించాయి.

కొలెట్ లేచి తలుపు దగ్గర నిలబడింది. వెళ్ళింది నలుగురు పిల్లలు, ఒక మాస్టారు. ముందు ఓ పొడుగాటి కుర్రాడు దిగాడు. ఒకటి. టోపీ జేబులో కుక్కుకుంటూ ఇంకొకడు. రెండు. మార్నీ దిగి, వెనకవాడి సంచి అందుకుంది. మూడు, నాలుగు. మాస్టారు దిగి తలుపు వేశాడు.

కొలెట్ కొట్టు తలుపు అద్దానికి కాగితం ఆనించి సంతకం పెట్టింది. పెట్టాక తలెత్తి, మంచులో నవ్వుకుంటూ వస్తున్నవాళ్ళని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. అయిదుగురు.