తేటనీళ్ళ చెంచయ్య

రేవుకాడ చింతచెట్టు కిందికి ఎవరూ పోరని మీకందరికీ తెలుసు. మేకలు తోలుకెళ్ళేవాళ్ళు కూడా చుట్టు తిరిగే పోతారు, కాయలు రాలి అక్కడే మురిగిపోతాయి. మరి ఇవాళ మధ్యాన్నం అక్కడికెళ్ళిందెవరు? తల దించుకుంటే తెలీదనుకున్నావా రమణమ్మా? అవతలొడ్డు పాదులకి దగ్గర దారని వెళ్ళావు, చెట్టు కింద ఎవరో ముసలాయన నీళ్ళు తేటగా ఉన్నాయమ్మా దిగు అన్నాడని, కొడవలి మర్చిపోయి వెనక్కొచ్చానని, రేపు మళ్ళీ పోతానని మీ అత్తతో నవ్వుతా చెప్పావు. నవ్వే మాట కాదది. ఇట్టా వచ్చి నా పక్కన కూర్చో. మిగతావాళ్ళు ఆ వేరుశనక్కాయలు వొలుస్తానే వినండి, చేతులాపితే నాకు చెప్పబుద్ధి కాదు.

ఆ ముసలాయన పేరు చెంచయ్య, నాకు వరసకి మామ. పైన డ్యాం కట్టకముందు ఈ రేవంతా ఆయన మాట మీదే నడిచేది. ఎవరు ఏరు దాటాలన్నా ముందు ఆయన దోసిలితో నీళ్ళు ముంచేవాడు, ఎండకి పట్టి చూసేవాడు, తాగేవాడు. నీళ్ళు కాస్త ఎర్రబారినా, దోసిట్లో ఒక్క పుల్ల కనబడినా, కొండల్లో వాన పడింది, వరదొస్తంది, ఇవాళ దిగొద్దనేవాడు. తాసిల్దారొచ్చినా అంతే, ఒడ్డున కూర్చోవాల్సిందే. తేటగా ఉంటే గుటక వేసి, తేటగా ఉంది దిగండి అనేవాడు. ఆయన తాగందే మనవాళ్ళు కాలు తడిపేవాళ్ళు కాదు. నలభయ్యేళ్ళు అట్టా చూశాడు, ఒక్క మేకపిల్ల కూడా కొట్టుకుపోలేదు.

తర్వాత డ్యాం వచ్చింది, మనకి ఇరవై మైళ్ళ పైన. వరద బాధ తప్పిందని మేం సంబరపడ్డాం కూడా. నాలుగేళ్ళకి చూస్తే ఏరు ఏరులా లేదు. ఏటా వరదతో వచ్చే ఒండ్రు రావటం మానేసింది, అదంతా డ్యాం గోడ వెనకే అడుక్కి దిగిపోతంటే మనదాకా ఏమొస్తుంది? కొత్త ఇసక రాదు, ఉన్న ఇసకని డ్యాంవాళ్ళు వదిలే నీళ్ళు కోసుకుపోతాయి. మూరెడు లోతున ఊరే చెలమలు నిలువులోతు తవ్వినా ఊరలేదు. రేవులో అడుగంతా గుంటలు పడింది, ఆ చింతచెట్టు వేళ్ళు బయటపడి గాల్లో వేలాడినాయి. చెంచయ్య మామ మాత్రం రోజూ వచ్చి ఆ వేళ్ళ మీదే కూర్చునేవాడు, సన్నటి పాయ పారుతున్నా సరే దోసిలి పట్టేవాడు.

నాకప్పుడు పదహారేళ్ళు. నేనూ మా అక్క అంకాలూ అవతలొడ్డుకి పుచ్చకాయలు కొయ్యటానికి బయల్దేరాం. ఎండాకాలం, చుక్క వాన లేదు. ముందురోజే ఊళ్ళో చాటింపు వేశారు, కింద పట్నానికి తాగునీళ్ళ కోసం గేట్లెత్తుతున్నారు, ఏట్లోకి దిగొద్దని. అప్పుడు మేమేం చేశామో తెలుసా? ఊరంతా చేసే పనే చేశాం. డప్పువాడికి ఏరు సంగతి ఏం తెలుసు, మామనడుగుదాం అనుకుని రేవుకొచ్చాం.

మామ దోసిలి ముంచి ఎండకి పట్టాడు. నేనూ తొంగి చూశాను, అరచేతి గీతలన్నీ కనబడుతున్నాయి, అంత తేట. తాగాడు. తాగి ఒక్క క్షణం ఆగాడు, పళ్ళు జిల్లుమన్నాయి కాబోలు. అయినా నలభయ్యేళ్ళ అలవాటు కదా, తేటగా ఉంది దిగండి అన్నాడు.

అక్క ముందు, నేను వెనక. కాలు పెట్టగానే నాకు వొళ్ళు ఝల్లుమంది. ఆ ఎండకి ఏటి నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, అవి కొత్తకుండలో నీళ్ళలా చల్లగా ఉన్నాయి, డ్యాం అడుగునుంచి వదిలిన నీళ్ళు మరి. నేను ఆగిపోయాను. ఆగానే గానీ అక్కని కేకెయ్యలేదు. మామ దిగమన్నాక వద్దనటానికి నేనెవర్ని అనుకున్నాను. వెయ్యని ఆ కేక ఇప్పటికీ నా గొంతులోనే ఉంది.

వరదంటే హోరు వినబడాలి, నురగ కనబడాలి. ఏమీ లేదు. నీళ్ళు చప్పుడు చెయ్యకుండా లేచినాయి. అక్క మోకాళ్ళకొచ్చినాయి, నడుముకొచ్చినాయి, అడుగున ఆమె కడియాలు నాకు కనబడతానే ఉన్నాయి. ఇసక జారి కాలు గుంటలో పడ్డట్టుంది, ఒకసారి వెనక్కి తిరిగి మామ వంక చూసింది. నా వంక చూడలేదు. తర్వాత ఆమె నెత్తి మీది తట్ట ఒక్కటే తేలింది.

మామ ఇంకో దోసిలి ముంచి చూశాడు, తేటగానే ఉందే అన్నాడు. మళ్ళీ ముంచాడు. అట్టా ముంచి చూసుకుంటా, చూసుకుంటా లోపలికి నడిచిపోయాడు. అక్క మూడో రోజున కింద ఊళ్ళో దొరికింది. మామ దొరకనేలేదు.

అప్పట్నుంచీ పైన గేటు లేచిన రోజున ఆ వేళ్ళ మీద కూర్చుంటాడు. ఆయన మాట విని దిగినవాళ్ళు నా ఎరికలో ముగ్గురు. నువ్వు కొడవలి కోసం తిరిగొచ్చావు చూడు, అదే నిన్ను బతికించింది. ఇందాక పొద్దువాలే ముందు నేను గట్టెక్కి చూసొచ్చాను, రేవులో నీళ్ళు నీ గొంతు దాటి ఉన్నాయి. తేటగానే ఉన్నాయి.

దెయ్యమన్నది అబద్ధమాడి ముంచుతుందంటారు, ఈయన అబద్ధమాడడు. నాకు మామ మీద కోపం లేదు, జాలే. ఏరు మారిపోయిందని ఆయనకెవరూ చెప్పలేదు. పోయినేడు నేనే వెళ్ళి చెప్పాను. మామా, పైన డ్యాం కట్టారు, బురదంతా అక్కడే ఆగిపోతంది, ఇంక రంగు చూసి జనాన్ని దించబాక అన్నాను. అంతా విన్నాడు. దోసిలి ముంచాడు, తాగాడు, తేటగా ఉందమ్మా దిగు అన్నాడు. ఆ గొంతులో ఎంత నమ్మకమంటే, ఆ మాటకే అక్కని పోగొట్టుకున్నదాన్ని, అన్నీ తెలిసినదాన్ని, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగుతున్నాను. చీలమండలు మునిగి చలి తగిలాక గానీ నాకు తెలివి రాలేదు.

అందుకని రమణమ్మా, రేపు వంతెన మీంచి పో. రెండు మైళ్ళు చుట్టే, కాదనను. కాళ్ళు నొప్పి పుడితే వచ్చి కూర్చో, నేను నూనె రాస్తాను. రేవుకి పోయావంటే మాత్రం నూనె రాయటానికి నాకు నీ కాళ్ళు దొరకవు.