ఈ ఏటి గునుగు రంగు

పోలీస్ యాక్షన్ అయి నెల తిరగకముందే బతుకమ్మ పండుగొచ్చింది. మెట్టుగూడలో ఆమె గునుగు పూల మోపు చంకన పెట్టుకుని, ఏటా పోయినట్టే, బట్టలకు రంగులేసే ఎదురింటి సాయెబు వాకిట్లోకి పోయింది. తల మాత్రం ఎత్తలేదు.

"రా బిడ్డా. ఈసారి రావేమో అనుకున్న."

"నువ్వు రంగెయ్యకుంటే బతుకమ్మ ఎట్లయితది చాచా?"

"గునుగు మస్తు పూసింది. యాడ కోసినవ్?"

"రైలు పట్టాల పక్కన. చాచీ ఏది?"

"పండుకుంది. గా దెబ్బకు భుజం ఇంకా లేస్తలేదు."

ఆమె మోపును ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "ఏదో ఒక రంగుల ముంచియ్యి చాచా, పోత."

"గట్లెట్ల? ఏటా వానలల్ల నా మనసును గుంజినదాన్ని చూసే రంగు కలుపుత గద. నిరుడు ఆరుద్ర పురుగు ఎరుపు. అంతకుముందు పాలపిట్ట రెక్క."

"అవును. వాడకట్టంత నా బతుకమ్మనే చూసింది."

"ఈ ఏడు వాన దిక్కు సూడనే లేదు. ఒక్కటే కండ్లనిండ చూసిన. గదే కలిపిన."

కుండ మీది మూత తీశాడు.

"ఇదేం పచ్చ చాచా? ఏ చెట్టుది?"

"చెట్టుది గాదు. మీ తలుపుది. గల్లీల గుంపు ఉరికొచ్చిన దినం, నేను, మీ చాచీ ఆ తలుపు కొట్టుకుంట ఎంతసేపు నిలబడ్డమో! నువ్వు ఇంట్ల లేవు గద?"

ఆ రోజు లోపలి నుంచి గడియను రెండు చేతులతో అదిమిపట్టిన నొప్పి ఆమె అరచేతుల్లో మళ్లీ లేచింది.

"లేను చాచా."

"గదే నేను సుత చెప్పిన మీ చాచీకి. బయట తాళం లేకుండె అంటది. పూలిటియ్యి, బిడ్డా."